రెండు ద్వీపముల నడుమ వేంకటగిరిగారు

డోర్నకల్లు నుండి భద్రాచలము రోడ్డునకు పోవు రైలుమార్గమున కారేపల్లి యొక కూడలి. ఇల్లెందు గనుల బొగ్గును మోయుటకై ఇచ్చటినుండియే యొక శాఖ అడవివైపునకు చీలినది. బొగ్గుకంపెనీకి తన పేరునిచ్చి దేశమంతట తెలియవచ్చిన సింగరేణి గ్రామము ఈ మండలములోనిదే. ఈ కూడలిలో నిలిచి తూర్పుగా చూచినచో గోదావరి యొడ్డువరకు అడవిసీమ. ఆ సీమలో రాజ్యపు గీతలు పలుమారులు మారినవి. భద్రాచలప్రాంతము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో పోలవరము జలాశయము నిమిత్తమై ఖమ్మము జిల్లాలోని ఏడు మండలములను, కొన్నిటిని పూర్తిగాను కొన్నిటిని భాగముగాను, ఆంధ్రప్రదేశ్‌లో కలిపిరి. రామాలయమున్న పట్టణము ఒక రాష్ట్రమున నిలిచెను. దాని చుట్టునున్న పల్లెలలో పెక్కులు మరియొక రాష్ట్రమున పడెను. ఆ గీత ఢిల్లీలో గీయబడినది. దానిమీద బ్రతుకువారు అడవిలో నున్నారు.

మన యదృష్టమున ఈ గీతపై తుపాకులు లేవు. సంతకు పోవు కోయవాడు దానిని రోజును దాటుచున్నాడు. కాని, ఇట్లే దూరనగరములలో గీయబడిన గీతలు కొన్ని ద్వీపములలో తరతరములు నెత్తురు పారించినవి. అట్టి ద్వీపములు రెండింటిని ఆంధ్రుడొకడు తన కన్నులార చూచెను. ఒకదానిలో విద్యార్థిగా నుండెను. రెండవదానిలో స్వతంత్రభారతమునకు ప్రతినిధిగా నుండెను. ఆయన వరాహగిరి వేంకటగిరిగారు. రాష్ట్రపతిగా ఆయనను ఎరుగనివారు లేరు. ఐర్లండునకును సింహళమునకును ఆయన జీవితముతో గల సంబంధమును ఎరిగినవారు కొలదిమంది. తగవు తీర్చుట యెట్లు అను ప్రశ్న లోకమును వేధించుచున్న యీ కాలమున ఆ జీవితమును మరల నొకసారి చదువుకొనుట యుక్తము.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆనాడు గంజాము జిల్లా మద్రాసు రాజధానిలోనిది. తండ్రి జోగయ్యపంతులుగారు పేరుపొందిన న్యాయవాది, దేశాభిమాని. తల్లి సుభద్రమ్మగారు మద్యనిషేధమునకై ఉద్యమించి చెరకు వెళ్ళిన వీరమాత. తెలుగును ఓఢ్రమును కలసి వినబడు ఆ పట్టణమే 1936లో ఓఢ్రరాష్ట్ర మేర్పడినపుడు గీతకు ఆవలివైపున చేరెను. అనగా, తాను పుట్టిన యిల్లే మరియొక రాష్ట్రమునకు పోవుటను గిరిగారు నడివయస్సున చూచిరి. గీతలు ప్రజల హృదయములనడిగి గీయబడవని ఆయనకు వేరుగ చెప్పవలసిన పనిలేదు.

1913లో న్యాయశాస్త్రము చదువుటకై ఆయన ఐర్లండు రాజధానియగు డబ్లినుకు పోయిరి. మనవారు పెక్కుమంది లండనుకే పోవు రోజులలో గిరిగారు డబ్లినును ఎన్నుకొనుట ఆయన జీవితమునకొక మలుపు. ఆయన చేరిన యేడే ఆ నగరమున గొప్ప కార్మికసంగ్రామము చెలరేగెను. సంఘములో చేరిన కూలీలకు పనిలేదని యజమానులు తలుపులు మూసిరి. జేమ్సు లార్కిను, జేమ్సు కానలీ అను నాయకుల వెంట ఇరువదివేలమందికి పైబడిన శ్రామికులు నెలల తరబడి ఆకలికి ఓర్చి నిలిచిరి. 1914 మొదట వారు ఓడి పనులకు మరలిరి. ఆ పోరాటమున సంఘము చావలేదు. కాని గెలిచిన యజమానులకు శాంతియు దక్కలేదు. బలముచే ఒక పక్షము నోరు మూయించినంతమాత్రమున తగవు తీరినట్లు కాదను పాఠమును గిరిగారు ఇచ్చటనే నేర్చిరని తలంచుటకు తావు గలదు.

విశ్వవిద్యాలయ కళాశాలలో ఆయనకు ఆంగ్లసాహిత్యము బోధించినవారిలో టామస్ మాక్డొనా ఒకరు. ఆ యుపాధ్యాయుడు కవి, దేశభక్తుడు. 1916లో ఐర్లండు స్వాతంత్ర్యప్రకటనపై సంతకము చేసిన యేడుగురిలో నొకడు. ఆ యేడు ఏప్రిలు 24వ తేదీన ఈస్టరు పండుగనాళ్ళలో తిరుగుబాటు ఆరంభమై ఆరు దినములలో అణచివేయబడెను. మే 3వ తేదీన మాక్డొనాను కాల్చి చంపిరి. గాయపడి నిలువలేని స్థితిలోనున్న కానలీని మే 12వ తేదీన కుర్చీకి కట్టి కాల్చిరి. భారతీయ విద్యార్థులపై పోలీసుల కన్ను పడెను. గిరిగారి నివాసమును సోదా చేసిరి. ఆ జూనునెలలో ఆయన న్యాయవాదిపట్టము పుచ్చుకొనుటయు, జూలై 1వ తేదీలోపల దేశము విడిచిపొమ్మను ఆజ్ఞ నందుకొనుటయు దాదాపు ఒక్కసారే జరిగెను. చదువుకొనవచ్చిన తెలుగుబిడ్డడు ఉరుముచున్న ఐర్లండును మనస్సున నింపుకొని స్వదేశమునకు ఓడ యెక్కెను.

ఆయన వెడలిన పిదప ఆ ద్వీపమునకేమి సంభవించెను? 1920లో ఆంగ్లపార్లమెంటు చేసిన శాసనముచే ఉత్తరమునగల ఆరు మండలములు వేరుచేయబడినవి. 1921 డిసెంబరు సంధితో మిగిలిన భాగమునకు స్వపరిపాలన లభించెను. గీత మాత్రము నిలిచిపోయెను. ఉత్తరభాగమున కేథలిక్కులు అల్పసంఖ్యాకులై, పదవులయందును ఇండ్లయందును ఓట్లయందును తమకు న్యాయము జరుగుట లేదని మొరపెట్టుచుండిరి. ఆ మొర 1960 తరువాతి దశకములో అగ్నియై, ముప్పది యేండ్లలో మూడువేల యైదువందలమందికి పైగా పొట్టనబెట్టుకొనెను.

భారతదేశమునకు వచ్చిన గిరిగారు బరంపురమున వకీలువృత్తి నారంభించిరి. కాంగ్రెసులోను, హోంరూలు ఉద్యమములోను పనిచేసిరి. సహాయనిరాకరణోద్యమమున వృత్తిని విడిచిరి. 1922లో కల్లుదుకాణముల యెదుట పికెటింగు సలిపి చెరకు పోయిరి. కాని ఆయన మనస్సు నాకర్షించినది రైలుకార్మికుని బ్రతుకు. బెంగాలు నాగపూరు రైల్వేమార్గము బరంపురముమీదుగనే పోవుచుండెను. పట్టాలు బిగించువాడు, బొగ్గువేయువాడు, గార్డు, కూలీ, అందరును ఒకే కప్పుక్రిందికి రావలయునని ఆయన దీక్ష. అఖిలభారత రైలుకార్మికసమాఖ్య స్థాపకులలో నొకరై, పదియేండ్లకు పైబడి దాని ప్రధానకార్యదర్శిగా పనిచేసిరి. 1926లో అఖిలభారత ట్రేడుయూనియను కాంగ్రెసునకు అధ్యక్షులైరి. 1927లో జినీవా నగరమున అంతర్జాతీయ కార్మికమహాసభలో మన శ్రామికుల పక్షమున కూర్చుండిరి. 1931లో లండనున జరిగిన రెండవ రౌండుటేబిలు సభలోను వారి ప్రతినిధిగనే పాల్గొనిరి.

ఆ దినములలో బెంగాలు నాగపూరు రైల్వేలో పనినుండి తొలగింపబడినవారికొరకు జరిగిన సమ్మెకు ఆయన నాయకుడు. అది శాంతియుతముగా సాగి యజమాన్యమును మెత్తబరచెను. సమ్మె చేయించుటలో గాని, సమ్మెను విరమింపజేయుటలో గాని గిరిగారి పద్ధతి యొక్కటే. ఇరుపక్షములను ఎదురెదురుగా కూర్చుండబెట్టవలయును. పైనుండి తీర్పు వచ్చినచో ఓడినవాడు దానిని తనదిగా నెంచడు. తానే నోటితో అంగీకరించినదానిని కాపాడుకొనుటకు మాత్రము ప్రయత్నించును. ఊరి పెద్దమనుష్యులు తగవరుల నిద్దరిని రచ్చబండకు పిలిపించుటలోని యర్థమిదియే గదా!

1937 ఎన్నికలలో బొబ్బిలిరాజావారిని ఆయన స్వస్థానముననే ఓడించుట తెలుగుదేశమంతట చెప్పుకొనిన వింత. రాజాజీగారి మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలు వహించిరి. 1942లో మరల చెరసాల. వెల్లూరు, అమరావతి జైళ్ళలో మూడేండ్లు గడపి 1945లో వెలికి వచ్చిరి. 1946లో ప్రకాశంపంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికమంత్రియైరి. 1947లో దేశము స్వతంత్రమైనపుడు నెహ్రూప్రభుత్వము ఆయనను హైకమిషనరుగా కొలంబోకు పంపెను.

రాయబారిగా రాజనీతిపండితుని గాక కార్మికనాయకుని పంపుటలో అర్థము గలదు. సింహళమున భారతదేశమునకు గల ప్రధానసమస్య కూలీలదే. పందొమ్మిదవ శతాబ్దమున కాఫీతోటలకును, పిదప తేయాకుతోటలకును ఆంగ్లేయులు దక్షిణదేశపు పేదలను వేలకొలది తరలించిరి. వారిలో తమిళులే మిక్కుటము. 1946 జనాభాలెక్కలలో వీరి సంఖ్య సుమారు 7,80,000. ద్వీపజనాభాలో దాదాపు ఎనిమిదింట నొకవంతు. ఆ ద్వీపము తెలుగువారికిని క్రొత్తది కాదు. 1739 నుండి 1815 వరకు కాండీ సింహాసనమున కూర్చున్నవారు మధుర నాయకుల బంధువులే. కాని, రాజులను స్వీకరించిన నేల కూలీలను స్వీకరించుటకు సందేహించెను.

1948 ఫిబ్రవరి 4వ తేదీన సింహళము స్వతంత్రమాయెను. అంతకు ముందే, 1947 డిసెంబరులో ప్రధాని సేనానాయకగారు ఢిల్లీకి వచ్చి నెహ్రూగారితో చర్చించిరి; ఉత్తరప్రత్యుత్తరములు సాగెను; అంగీకారము కుదురలేదు. సింహళులకు భయమొకటి కలదు. తోటసీమలలో భారతీయుల ఓట్లు తమను ముంచివేయునని వారు తలంచిరి. 1947 ఎన్నికలలో ఆ కూలీల ప్రతినిధులు పలుస్థానములలో గెలుపొందుట ఆ భయమును పెంచెను. ఆ భయమును మనము తృణీకరింపరాదు. కాని భయముతో చేసిన శాసనము న్యాయము కానేరదు. 1948 పౌరసత్వశాసనముచొప్పున, ద్వీపమున పుట్టినంత మాత్రమున పౌరుడు కాడు; తండ్రియు అచ్చటనే పుట్టియుండవలయును, లేదా తాతయు ముత్తాతయు పుట్టియుండవలయును. నేలమీద ప్రసవించి మరునాడే బుట్ట భుజమున వేసికొని తేయాకు కోయబోవు తల్లికి కాగితములెక్కడివి? 1949లో మరియొక శాసనము వచ్చెను. పెండ్లియైనవారు ఏడేండ్లు, కానివారు పదియేండ్లు 1946 జనవరి 1వ తేదీకి పూర్వము ఎడతెగక నివసించినట్లు నిరూపించి రెండేండ్లలోపల అర్జీ పెట్టుకొనవలయును. అదే యేట పౌరులుకానివారికి ఓటు తీసివేసిరి. నిన్నటివరకు ఓటరులైనవారు ఒక్క కలముపోటున ఏ దేశమునకును చెందనివారైరి.

గిరిగారి కొలంబో ఉద్యోగకాలము ఈ శాసనములు పుట్టి అమలుపడిన కాలమే. కార్మికుల పక్షమున ముప్పది యేండ్లు వాదించిన నోరు ఇచ్చట రాయబారి మర్యాదచే కట్టుబడెను. స్వతంత్రదేశపు శాసనసభ చేసిన చట్టమును పరదేశపు ప్రతినిధి రద్దుచేయింపజాలడు. అతడు వాదింపగలడు, వేడుకొనగలడు, ఢిల్లీకి వ్రాయగలడు. కూలీల సంఘము మొదట అర్జీలను బహిష్కరించి, పిదప మనస్సు మార్చుకొనెను. గడువు 1951 ఆగస్టున ముగియులోపల అర్జీలు కుప్పలుగా పడెను. ఎనిమిదిలక్షలమందికి పైగా వారి పేర్లు ఆ యర్జీలలో చేరినవి. చాలయేండ్లు విచారణలు సాగిన పిమ్మట పౌరసత్వము లభించినది లక్షా ముప్పదినాలుగువేలమందికి మాత్రమే. ఆ 1951లోనే గిరిగారు స్వదేశమునకు మరలిరి. ఆయన దౌత్యము ఫలించినదని మేము చెప్పజాలము. నిజమును దాచి మహనీయులకు పూజసేయుట వారికి గౌరవము కాదు.

ఆ కాలముననే మరియొక బీజము పడినది. కూలీల పౌరసత్వవిషయమున సింహళ తమిళనాయకులలో చీలిక వచ్చి, చెల్వనాయకముగారు వేరుపడి 1949 డిసెంబరులో సమాఖ్యపక్షమును స్థాపించిరి. నేడు కూలీలకు జరిగినది రేపు తమకు జరుగునని ఆ పక్షమువారి తలంపు. 1956లో సింహళమే ఏకైక రాజభాషయని శాసనము రాగా వారి భయము నిజమాయెను. ద్వీపమునకు గీత పటముమీద పడకముందే మనస్సులలో పడెను.

1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికైన గిరిగారు కేంద్రకార్మికమంత్రియైరి. ఆ యేటి అక్టోబరులో నైనితాలున జరిగిన కార్మికమహాసభలో తన చిరకాలపు విశ్వాసమును ప్రభుత్వనీతిగా నిలుపజూచిరి. నిర్బంధపు తీర్పులకంటె పరస్పరసంప్రదింపులే మేలను ఈ వాదమునకు గిరిమార్గమని పేరు వచ్చెను. మంత్రివర్గము దానిని పూర్తిగా అంగీకరింపలేదు. 1954 ఆగస్టులో బ్యాంకు ఉద్యోగుల వివాదమున వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్పుచేయగా గిరిగారు పదవిని వదలిరి. ఒకరికిచ్చిన మాటకంటె కుర్చీ యెక్కువ కాదని చూపిరి.

తరువాతి పదవులను గూర్చి విస్తరించుట అనవసరము. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను ఉండి, 1969 ఆగస్టు 24వ తేదీ నుండి 1974 ఆగస్టు 24వ తేదీ వరకు రాష్ట్రపతిపదవి నలంకరించిరి. కాని ఆ చివరి సంవత్సరము ఆయన జీవితమున మిక్కిలి విషాదకరమైనదని మా యభిప్రాయము. 1974 మే 8వ తేదీన దేశమందలి రైలుకార్మికులు లక్షలకొలది సమ్మెకు దిగిరి. దానిని నడపినవారిలో ముఖ్యమైనది తాను కని పెంచిన సమాఖ్యయే. ప్రభుత్వము వేలమందిని నిర్బంధించి ఇరువది దినములలో దాని నణచెను. ఆ ప్రభుత్వమునకు రాజ్యాంగరీత్యా అధిపతి గిరిగారు. ఎదురెదురుగా కూర్చుండబెట్టవలయునని జీవితమంతయు బోధించినవాని పేర, కూర్చుండవలసినవారు జైళ్ళలో పెట్టబడిరి.

ఆ జనవరిలోనే సింహళపు కూలీలవిషయమున మరియొక ఒడంబడిక జరిగెను. 1964 అక్టోబరు 30వ తేదీన శాస్త్రిగారును సిరిమావో బండారనాయకగారును చేసికొనిన ఒప్పందముచే 9,75,000 మందిలో 5,25,000 మంది భారతదేశమునకు, 3,00,000 మంది సింహళమునకు పంచబడిరి. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగము చేసికొనిరి. ఆ పంపకమున కూలీల నాయకులకు పీట వేయలేదు. ఉమ్మడియింటి గొడ్డును గోదను పంచుకొనునట్లు మనుష్యులను పంచిరి. కొండలలో పుట్టి పెరిగి, భారతదేశమును కన్నెత్తి చూడని వారును ఓడ లెక్కవలసివచ్చెను.

గిరిగారు 1980 జూనులో మద్రాసున కాలధర్మము నొందిరి. మూడేండ్లకు, 1983 జూలైలో, కొలంబో వీధులలో తమిళుల యిండ్లు తగులబడెను. విదేశాంగమంత్రిగా నున్న మరియొక ఆంధ్రుడు పి.వి. నరసింహారావుగారు హుటాహుటిగా అచ్చటికి పోవలసివచ్చెను. పిదప మధ్యవర్తిత్వములు, భూటానులో చర్చలు. 1987 జూలై 29వ తేదీన రాజీవుగాంధీగారును జయవర్ధనగారును కొలంబోలో ఒడంబడికపై సంతకములు చేసిరి. మన సేన శాంతిరక్షణకై ద్వీపమున దిగెను. కాని ఆయుధములు పట్టిన పులులు ఆ ఒడంబడికలో సంతకముదారులు కారు. అక్టోబరునకే శాంతిసేన యుద్ధసేన యాయెను. 1990 మార్చిలో అది మరలివచ్చునాటికి వేయినూరుమందికి పైగా మన జవానులు తిరిగిరాలేదు. శాంతి కాపాడబోయిన సైనికుని నడుగక, శాంతి కోరవలసినవారిని నడుగక, రెండు రాజధానులు వ్రాసికొనిన పత్రమునకు ఆ సైనికుడు తన ప్రాణము మూల్యముగా ఇచ్చెను. నార్వే మధ్యవర్తిత్వముతో 2002లో కుదిరిన యుద్ధవిరామమును నిలువలేదు. 2009 మే నెలలో యుద్ధము ముగిసెను. ముగించినది ఒప్పందము గాదు, ఆయుధము. గాయమింకను మానలేదు. గిరిగారు కొలంబోలో వాదించిన కూలీలలో అచ్చట మిగిలిన పౌరసత్వహీనులకు పౌరసత్వమునిచ్చు శాసనము 2003లో గాని రాలేదు. ఏబదియైదేండ్లు!

ఇక ఆయన యౌవనమున చూచిన ద్వీపమును గూర్చి ఒక్కమాట. ఐర్లండున 1998 ఏప్రిలు 10వ తేదీన ఒప్పందము కుదిరెను. బ్రిటను, ఐర్లండు ప్రభుత్వములు మాత్రమే గాక, ఒకరి ముఖము నొకరు చూడ నొల్లని ఉత్తరభాగపు పక్షములలో పెక్కులు, సాయుధులతో సంబంధముగలవారితో సహా, ఒక బల్లకడ కూర్చుండెను. పిదప దానిని ప్రజల ముందుంచిరి. మే 22వ తేదీన ఉత్తరమున నూటికి 71 మంది, దక్షిణమున నూటికి 94 మంది సమ్మతించిరి. గీత చెరగలేదు, దానిమీది కావలివాండ్రు పోయిరి. లోపములు లేని ఒప్పందము కాదది. అయినను తగవరులే చేసికొనిన ఒప్పందము గనుక తూలుచు లేచుచు నిలిచియున్నది.

రెండు ద్వీపములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో గిరిగారి మార్గము విలువ తేటపడును. అది రైలుసమ్మెకు మాత్రమే తగిన యుపాయము కాదు. బాధపడువానిని బల్లకడకు పిలువనంతవరకు ఎంతటి మహారాజ్యము మధ్యవర్తిత్వము సలిపినను, ఎన్ని పటాలములు కావలి కాచినను, తగవు నిద్రించును గాని చావదు. ఆ సత్యమును ఎరిగినవాడు కొలంబోలో దానిని నెగ్గించుకొనలేకపోయెను. రాష్ట్రపతిభవనమున దానిని కాపాడలేకపోయెను. అంతమాత్రమున సత్యము అసత్యము కాదు. దానిని నిర్లక్ష్యము చేసినందులకు చెల్లించిన మూల్యమే దాని నిజమునకు సాక్ష్యము.

కారేపల్లి కూడలిలో ఒక బండి ఆగి మరియొక బండికి దారినిచ్చును. ఏది ముందు పోవలయునో ఎరిగి జెండా చూపువాడు కార్మికుడు. అట్టివారిని గూడగట్టినవాడు గిరి. అడవిసీమలో రేపు మరల గీతలు మారవచ్చును, జలాశయములు నిండవచ్చును, పల్లెలు లేచిపోవచ్చును. ఆ పల్లెవారిని ముందుగ పిలిచి, కూర్చుండబెట్టి, వారి మాట వినిన పిమ్మటనే కలము పట్టుడని పాలకులను కోరుట మన విధి. గిరిగారి స్మృతికి మనము చేయదగిన నివాళి అంతకంటె వేరొండు లేదు.